నలభై అంగుళాల అంచు

ఈ ఏడు బెంగళూరుకు పోకూడదని మెహరున్నీసా చెనక్కాయ పంట పీకుళ్లు ముగిసిన రోజే గట్టిగా అనుకుంది. అనుకోవడానికేం, ఎవరైనా అనుకోవచ్చు. మూడేళ్లుగా అనుకుంటూనే ఉంది, మూడేళ్లూ పోతూనే ఉంది. గోవిందప్ప మేస్త్రి ఫోన్ చేయడం, మొగుడు హబీబుల్లా సంచి సర్దడం, ఇంటికి తాళం పడడం వాటంతటవే జరిగిపోయేవి. అక్కడ కొత్తగా కట్టే మేడల్లో సిమెంటు బొచ్చె నెత్తిన పెట్టుకుని మూడో అంతస్తుకో నాలుగో అంతస్తుకో ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. ఆమెకు నలభై ఏడేళ్లు నిండాయి. ఆ సంగతి మెట్లకు ఎవరు చెప్తారు?

ఆమె చేతులెరిగిన పని కూర్చుని చేసే పని. నల్లమాడలో బస్సు దిగి ‘పూల మెహరున్నీసా’ అంటే ఎవరైనా ఇల్లు చూపించేవాళ్లు. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి పాతికేళ్లు గడపలో కూర్చుని మల్లెలు, కనకాంబరాలు కట్టింది. ఆమె కట్టిన మాలలు బుట్టలో చుట్టుకుని హబీబుల్లా సైకిల్ మీద ఊళ్లు తిరిగి మూర లెక్కన అమ్మేవాడు. సాయంత్రం పూట గిరాకీ ఇంటి ముందుకే వచ్చేది. కూతురు ఆరీఫా పెళ్లి చేసి కదిరికి పంపింది ఆ పూల మీదే. ఆ తర్వాత తోటల్లో బోర్లు ఒకదాని వెనక ఒకటి ఎండిపోయాయి. ఎనిమిది వందల అడుగులు దించినా తెల్లటి దుమ్ము లేచింది తప్ప చుక్క నీరు రాలేదు. తోటలు పోయాయి, పూలు పోయాయి, కూర్చునే పని పోయింది. ఇందులో తిట్టడానికి ఒక మనిషి లేడు. ఎవరినో ఒకరిని తిట్టుకోగలిగితే ఆమెకు కాస్త ఊరటగా ఉండేది.

అందుకే మహిళా సంఘం హాల్లో చేతి లేసు నేర్పిస్తారని తెలిసినప్పుడు అందరికంటే ముందు పేరిచ్చింది. రెండు నెలలు నేర్పిస్తారు. చివర్లో ఒక్కొక్కరూ నాలుగు అంచులు అల్లి చూపించాలి. నాలుగూ సరిగ్గా వస్తే పేరు రాసుకుంటారు. ఆ తర్వాత దారం ఇంటికే పంపిస్తారు, అల్లినవి ఇంటికే వచ్చి తీసుకుపోతారు. మిగతా మాటలెలా ఉన్నా ఆ ‘ఇంటికే’ అన్నది మెహరున్నీసా చెవిలో తేనె పోసినట్టయింది.

“నేను లేసుకు పోతాండానప్పా,” అంది మొగుడితో.

“పో,” అన్నాడు హబీబుల్లా. ఆయన సంగతంతే. ఊళ్లలో ‘పూలో’ అని అరిచీ అరిచీ ఇంట్లో మాటలు తగ్గించుకున్న మనిషి.

నేర్పించే హేమావతి అనంతపురం నుంచి వారానికి మూడు రోజులు బస్సులో వచ్చేది. వచ్చేసరికే సగం ప్రాణం బస్సులో వదిలేసి వచ్చినట్టుండేది. అయినా ఒక్కొక్కరి పక్కనా కూర్చుని, కొస వంకీ తిరిగిన సన్నటి సూదితో దారాన్ని ఎలా పట్టి లాగాలో, ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు ఎలా తీయాలో చూపించేది. ఉచ్చులు వరసగా పడితే గొలుసు. గొలుసు మీద ఇంకో వరస, దాని మీద ఇంకోటి. చూస్తే ఇంతేనా అనిపించేది, చేస్తే తల ప్రాణం తోకకొచ్చేది.

మెహరున్నీసా పక్కన తిమ్మక్క కూర్చునేది. చెనక్కాయలు ఒలిచి ఒలిచి ఆమె వేళ్లు బీటలు వారాయి. తెల్లటి మెత్తటి దారం ఆ బీటల్లో ఇరుక్కునేది. “నా చేతులకంటే గోనెసంచి నయం మే,” అనేది. కొబ్బరినూనె రాసుకొస్తే దారానికి మరకలు, రాసుకోకపోతే పీచులు. పాపం ఎటూ తోచేది కాదు.

తిమ్మక్క చేతులకు పని రాదు. మెహరున్నీసా చేతులకు వేరే పని మరీ బాగా వచ్చు, దాంతోనే చిక్కంతా. మాల కట్టేటప్పుడు ప్రతి ముడీ బిగించి లాగాలి. ముడి వదులైతే ఆడమనిషి జడలోకి చేరేలోగా పువ్వు రాలిపోతుంది, మర్నాడు ఆ మనిషి వీధిలో నిలబడి నాలుగు మాటలంటుంది. పాతికేళ్లు బిగించిన చెయ్యి లేసునూ బిగించింది. బిగిసిన ఉచ్చులోకి సూది మళ్లీ దూరదు. బలవంతంగా దూర్చితే అల్లిక మొత్తం ఎండిన తమలపాకులా ముడుచుకునేది.

“వదలక్కా, కొంచెం వదులు,” అనేది హేమావతి.

“వదుల్తానే ఉండా మేడం, అది వదల్డం ల్యా,” అనేది మెహరున్నీసా. నిజంగానే ఆమె తప్పు లేదు. మనసు వదలమంటుంది, చూపుడువేలు వినదు.

చివరికి హేమావతి పెన్సిలంత లావు సూది తెచ్చి ఇచ్చింది. దాంతో అల్లితే ఉచ్చులు పెద్దవిగా, మొరటుగా, చేపల వల మాదిరి పడేవి. అందరూ సన్నసూదుల మీద పూలూ ఆకులూ తీస్తుంటే మెహరున్నీసా ఇరవై రోజులు ఆ లావు సూదితో వల అల్లింది. సిగ్గేసేది. ఈ వయసులో మళ్లీ పలక పట్టుకున్నట్టుంది అనుకునేది. ఇరవై ఒకటో రోజు సన్నసూది చేతిలోకి తీసుకుంటే చెయ్యి లాగలేదు. లాగలేదన్న సంగతి ఆమెకు రెండు వరసలయ్యాక గానీ తెలియలేదు. ఆ పైన ఆమె అల్లిక చూసి హేమావతి మిగతావాళ్లను పిలిచి చూపించడం మొదలుపెట్టింది.

అప్పుడొచ్చాయి నాలుగు అంచులు. దిండు గలీబుల మూతికి కుట్టేవి. ఒక్కోటి నలభై అంగుళాలు. ముందు నలభై అంగుళాల గొలుసు అల్లుకుని, దాని పొడవునా నాలుగు వరసలు వేసి, పైన పూల వరసతో ముగించాలి. టేపు ఒకటే ఉంది కాబట్టి ఎవరింట్లో వాళ్లు కొలత గుర్తు పెట్టుకోమన్నారు. మెహరున్నీసా గడప పక్క గోడ మీద సుద్దతో రెండు గీతలు గీసుకుంది. దారం మాయకుండా ఒళ్లో తెల్ల తువ్వాలు పరుచుకుని, ఇంటి పనీ అల్లిక పనీ చూసుకుంటూ ఇరవై రోజుల్లో నాలుగూ ముగించింది. ఒక గురువారం మధ్యాహ్నం వాటిని అదే తువ్వాల్లో చుట్టుకుని హాలుకు పోయింది. చాలా ఏళ్ల తర్వాత ఆ రోజు ఆమె నడకలో కాస్త ఠీవి కనిపించింది.

హేమావతి మొదటి అంచు వెలుతురుకు పట్టి చూసింది. “ఎంత బాగా వచ్చిందక్కా,” అంది. బల్ల మీద పరిచి టేపు పెట్టింది. నలభై మూడు. రెండోది పెట్టింది. నలభై మూడు. మూడోది నలభై మూడున్నర. నాలుగోది పెట్టే ముందే ఆమె మొహం మారిపోయింది.

“గీతలు తప్పు గీసుకున్నావా అక్కా?”

“గీతలు సరిగ్గానే ఉండాయి మేడం. గీత కాడికి వచ్చినాక నాలుగు వేళ్లంత ఎక్కువేసినా.”

“ఏంటికి?”

ఇది కూడా అడగాలా అన్నట్టు చూసింది మెహరున్నీసా. “కొసరు మేడం.”

హాలు హాలంతా గొల్లున నవ్వింది. తిమ్మక్కయితే సూది కింద పడేసుకుని నవ్వింది. మెహరున్నీసాకు నవ్వెందుకో అర్థం కాలేదు. పాతికేళ్లలో ఆమె ఎవరికీ మూరకు మూర కొలిచి ఇవ్వలేదు. మోచేతి నుంచి కొలిచి, పైన నాలుగు వేళ్లు వదిలి, అప్పుడు తెంచాలి. పూలు కరువైన రోజు కూడా తెంచే ముందు ఆ నాలుగు వేళ్లూ వదలాల్సిందే. బొటాబొటీ కొలిచి ఇచ్చారంటే ఆ ఇంటితో మాటలు లేవని అర్థం. ఎవరో కొనుక్కుని దిండుకు కుట్టుకుంటారు, వాళ్లతో తనకేం తగాదా? గీత దగ్గర చెయ్యి ఆగితే ఆమెకు తప్పు చేసినట్టుండేది.

హేమావతి నవ్వలేదు. తలపట్టుకుని కూర్చుంది. “అక్కా, ఇది దిండు మూతికి సరిగ్గా పోవాల. మూడంగుళాలు ఎక్కువుంటే జోలె మాదిరి వేలాడతాది. తీసుకోరు.”

“కొసన కత్తిరిస్తే పోలా?” అంది తిమ్మక్క.

“మొత్తం ఒకటే దారం గదా, కత్తిరిస్తే ఊడొస్తాది. అడుగు గొలుసే పొడుగైంది. దాని మీదనే వరసలన్నీ లేచినాయి. ఇప్పాల్సిందే.” హేమావతి మాటలు కూడబలుక్కుంది. “వేరే దారం గూడా లేదక్కా, ఇదే దారంతో మళ్లీ అల్లాల. వచ్చే శుక్రవారం తీసుకపోయేదానికి మనిషి వస్తాడు. ఎనిమిది దినాలుండాది. నాలుగూ సరిపోతేనే పేరు రాసేదానికి అయితాది. నా చేతిలో ఉంటే ఇప్పుడే రాసుకుందును.”

మెహరున్నీసా అంచు కొస పట్టుకుంది గానీ లాగలేకపోయింది. తిమ్మక్క ఆమె చేతిలోంచి తీసుకుని, “నువ్వు అటు తిరుగు మే,” అని తనే లాగింది. ఇరవై రోజుల పని సంగటి ఉడికేంత సేపట్లో ఊడిపోయింది. ముడతలు ముడతలుగా గుట్ట పడ్డ ఆ దారాన్ని ఇంటికి తెచ్చి, నీళ్లు చిలకరించి, నిలువుగా సాగదీసి ఆరబెట్టి, ఉండ చుట్టుకునేసరికి గురువారం కాస్తా గడిచిపోయింది. ఆమెకు ఏడవాలనిపించలేదు. ఎక్కడైనా గోడకు చేరగిలి పడి ఒక వారం నిద్రపోవాలనిపించింది.

జరిగింది విని హబీబుల్లా, “మళ్లా అల్లు,” అన్నాడు. మర్నాటి నుంచి నీళ్ల ట్యాంకరొస్తే బిందెలు ఆయనే మోశాడు. సంగటి ఆయనే కెలికాడు. ఉండలు ఉండలుగా ఉండేది, ఆమె నోరెత్తకుండా మింగేది. బల్బు వెలుతురులో తెల్లదారం ఆమె కళ్లకు ఆనదు. కాబట్టి పొద్దు పొడిచినప్పటి నుంచి గూకే దాకా ఉన్నదే ఆమె కాలం. గడపలో కూర్చునేది. ఎండ కాళ్ల మీదికొస్తే లోపలికి జరిగేది, వెలుతురు తగ్గితే బయటికి జరిగేది. మెడ పట్టేసేది. కుడిచేతి బొటనవేలు తిమ్మిరెక్కితే విదిలించి మళ్లీ పట్టుకునేది.

అన్నిటికంటే కష్టం గీత దగ్గర ఆగడం. మొదటి అంచు గొలుసు గీతను తాకగానే సూది తనంతట తనే ముందుకు పోబోయింది. ఎడమచేత్తో కుడిచెయ్యి పట్టుకుని ఆపింది. ముక్కూ మొహం తెలియని మనిషి ఎవరో తన వాకిట్లో చెయ్యి చాపి నిలబడితే, కొలిచిందే చేతిలో పెట్టి పొమ్మన్నట్టనిపించింది. “ఏమనుకోవద్దు తల్లీ,” అంది పైకే. అని, వెనక్కి తిరిగి రెండో వరస మొదలుపెట్టింది.

రోజూ పొద్దు గూకాక హబీబుల్లా ఒక్కటే ప్రశ్న అడిగేవాడు. “ఎన్నయినాయి?”

ఆదివారం ఒకటయ్యింది. అది చెప్పిన కాసేపటికే ఫోన్ మోగింది. గోవిందప్ప మేస్త్రి. హబీబుల్లా ఫోన్ తీసుకుని వీధిలోకి పోయాడు. ఆయన మాట్లాడింది ఆమెకు సగం సగం వినబడింది. “శనివారం పొద్దున బస్సుకేన్నా... ఆ, ఖాయమే... చెప్పినా కదన్నా, మాటంటే మాటే.”

మెహరున్నీసాకు ఒళ్లు మండింది. ఇంకా అయిదు రోజులుంది. అయిదు రోజులు ఆగలేకపోయాడు. పెళ్లాం అల్లేది లేదు, పాసయ్యేది లేదు, తోడుకుని పోదామని ముందే మాటిచ్చేసినాడు. అందుకేనా రోజూ ఎన్నయినాయి ఎన్నయినాయి అని అడిగేది? నిలదీయాలనే అనుకుంది. అడిగితే ఔనంటాడు. ఆ ఔను వినే ఓపిక ఆమెకు లేదు. మర్నాడు పొద్దున సూది పట్టుకుంటే పాత చెయ్యి మళ్లీ వచ్చేసింది. కోపానికి ప్రతి ఉచ్చూ బిగిసింది. ఒక వరస మొత్తం విప్పి మళ్లీ వేయాల్సొచ్చింది. ఆ దెబ్బతో కోపాన్ని కూడా పక్కన పెట్టేసింది. కోపానికి కూడా కొంచెం ఓపిక కావాలి, ఉన్న ఓపికంతా ఆమెకు లేసుకే సరిపోవడం లేదు.

ఆ వారమంతా మొగుడూ పెళ్లాలు పెద్దగా మాట్లాడుకోలేదు. నాలుగోది శుక్రవారం పది గంటలకు ముగిసింది.

హేమావతి బల్ల మీద టేపు పరిచింది. నలభై. నలభై. నలభై. నాలుగోదానికి ఎందుకైనా మంచిదని రెండుసార్లు కొలిచింది. నలభయ్యే. “రాస్తాండా అక్కా,” అని పుస్తకంలో మెహరున్నీసా పేరు రాసి, సంతకం పెట్టించి, అంచులు తీసుకపోను వచ్చిన మనిషి తెచ్చిన కొత్త దారం ఉండలు నాలుగు చేతిలో పెట్టింది. తిమ్మక్క అంచులకు నూనె మరకలు ఉండడంతో ఆమెను వచ్చే బ్యాచ్‌కు రమ్మన్నారు. “నా బతుకంతా వచ్చే బ్యాచే గదా,” అని నవ్వి, మెహరున్నీసా వీపు మీద గట్టిగా ఒక్కటి చరిచి వెళ్లిపోయింది తిమ్మక్క.

ఇంటికి నడుస్తుంటే మొదట ఏమీ అనిపించలేదు. మసీదు మలుపు దగ్గర సంతోషం మెల్లగా ఎక్కడం మొదలైంది. పోను, అనుకుంది. నేను పోను, ఆయన్నీ పోనివ్వను. మేస్త్రికి ఫోన్ చేసి మాట వెనక్కి తీసుకోమని ఆయనతోనే అంటాను. తగాదా పడాల్సొస్తే పడతాను. ఏ మాటతో మొదలుపెట్టాలో కూడా దారిలోనే కూడబలుక్కుంది.

హబీబుల్లా సంచి సర్దుతున్నాడు. ఒకటే సంచి. రెండు లుంగీలు, రెండు చొక్కాలు, తువ్వాలు, మోకాళ్లకు రాసుకునే మందు. ఆమె చీరలు దండెం మీద ఎక్కడివక్కడే ఉన్నాయి. దారిలో కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ ఇక్కడ పనికొచ్చేలా లేదు.

“పేరు రాసినారు,” అంది.

“నీ నడక చూస్తానే తెలిసె.”

“నా చీరలు పెట్టలేదే?”

“నీకేంటికి? ఒక్కన్నే వస్తానని చెప్పినా గోవిందప్పన్నకు. ఆదివారమే చెప్పినా.”

“ఆదివారం నాటికి ఒకటే గదప్పా అయ్యింది! పేరు రాకుండా పోయింటే?”

“రాకున్నా తోడుకపోయేవాణ్ణి కాదు.” హబీబుల్లా సంచి మూతి కట్టాడు. కట్టి, ఆమె వైపు చూడకుండానే మాట్లాడాడు. అన్ని మాటలు ఆయన ఒక్కసారిగా మాట్లాడి ఎన్నేళ్లయిందో. “పోయినేడు మూడో అంతస్తు మెట్ల కాడ, బొచ్చె నెత్తినుండంగానే గోడకానుకోని నిద్రపోయినావు. నిలబడే నిద్రపోయినావు మే. నేను కిందనుంచి చూసినా. పిలిస్తే ఉలికిపడి జారతావేమోనని పిలవలేదు. పైకొచ్చి, నీకు రెండు మెట్ల కింద నిలబడుకోని ఉన్నా, నువ్వు కండ్లు తెరిచేదంకా. ఆ పొద్దే అనుకున్నా, ఇంక ఈమెను తేకూడదని.”

ఆమెకు ఆ సంగతే తెలియదు. కళ్లు తెరిచేసరికి ఎదురుగా మొగుడు కనిపించాడని, “ఏమప్పా, దారికి అడ్డం నిలబడినావు” అని కసిరిందని మాత్రం గుర్తుంది.

“నీ మోకాళ్లో?” అంది.

“లిఫ్టుంటాది లే.”

“కట్టే ఇంటికి లిఫ్టు యాడుంటాదప్పా?”

హబీబుల్లా నవ్వాడు.

“ఇద్దరమూ పోకుండా ఉండల్లనే గదా నేను నేర్చుకునింది,” అంది మెహరున్నీసా.

“ఒక మనిషి పనితో ఇద్దరం బతికేదానికి అయితాదా? నీకు తెలీనిదా?”

తెలుసు. రెండు నెలలుగా తెలుసు. కూర్చునే పని ఒకటి దొరికితే చాలు, మిగతాది దానంతటదే కుదురుతుందని ఆ లెక్క తనకు తానే దాచిపెట్టుకుంది. ఆదివారం నాడు ఆయన మీద తెచ్చుకున్న కోపం గుర్తొచ్చి సిగ్గుతో తల వంచుకుంది. వంటింట్లోకి పోయి ఆయన దారిలో తినడానికి రొట్టెలకు పిండి కలిపింది.

శనివారం పొద్దున ఇద్దరూ బస్టాండుకు నడిచారు. కదిరి దాకా బస్సు, అక్కడ గోవిందప్ప మిగతా కూలీలతో ఎదురుచూస్తుంటాడు. బస్సు మెట్టు ఎక్కేటప్పుడు హబీబుల్లా కుడికాలు పెట్టి, చేత్తో కమ్మీ పట్టుకుని, ఎడమకాలిని లాక్కున్నాడు. మూడే మెట్లు. మెహరున్నీసా మూడూ చూసింది. చూడకుండా ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది.

ఆయన కిటికీ పక్క సీటు పట్టుకుని తల బయటికి పెట్టాడు. డ్రైవరింకా టీ తాగుతున్నాడు. చెట్టు కింద సిమెంటు బల్ల ఖాళీగానే ఉంది.

“ఎంతసేపని నిలబడతావు మే,” అన్నాడు హబీబుల్లా. “ఇంటికి పో. పోయి కూర్చో.”

“కూర్చుంటాలే. నువ్వు భద్రం,” అంది.

బస్సు కదిలింది. అది కదిరి రోడ్డు మలుపు తిరిగి కనబడకుండా పోయాక కూడా ఆమె చాలాసేపు అక్కడే నిలబడి ఉంది.